గడప బయట నిలబడ్డ మనిషి

మొన్న మాదాపూర్‌లో నా చెవులకు పరీక్ష చేశారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పల్లాంటివి తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలట. అద్దం అవతల మా కోడలు నిలబడి ఉంది, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ తీసుకొచ్చింది. మొదట్లో సన్నగా కూత వినిపించింది, నొక్కాను. ఆ తరువాత ఏమీ లేదు. పరీక్ష చేసే పిల్ల నా వైపే చూస్తోంది, కోడలూ చూస్తోంది. ఇద్దరి ముఖాలూ చూసి, ఇప్పుడేదో చప్పుడు వచ్చి ఉంటుందిలే అనుకుని నొక్కాను. కాసేపటికి మళ్లీ నొక్కాను. పక్కవాడి పలక చూసి రాసే బడిపిల్లలాగా, ఇంత వయసు వచ్చాక, అబద్ధపు మీట నొక్కుతూ కూర్చున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే మా మామ గుర్తుకొచ్చాడు.

ఆయన పేరు రాయను. మామ పేరు కోడలు నోటితో పలకకూడదని నేర్చుకుని కాపురానికి వచ్చినదాన్ని, ఇప్పుడు రాయబోతే కూడా చెయ్యి ఆగిపోతోంది. మా వైపు మామకు 'గారు' తగిలించే అలవాటూ లేదు. ఆ మర్యాదంతా తల మీది కొంగులోనే ఉండేది.

నేను నిజాంపేట నుంచి చందానగర్‌కు కోడలిగా వచ్చేనాటికి బొంబాయి రోడ్డు మీద ఒక లారీ పోయాక ఇంకో లారీ కోసం ఎదురు చూడాల్సి వచ్చేది. ఊరి చుట్టూ అంగూర్ తోటలు, మిగిలినదంతా బండరాళ్లు. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగి. అత్త నేను రాకముందే పోయింది. అందుకని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది నేనూ మా మామా. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక తలుపు.

ఆ రోజుల పద్ధతి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మామ ఇంట్లోకి ఊరికే నడిచి రాడు. గడప బయట ఆగి దగ్గుతాడు. రోగపు దగ్గు కాదు, కోడలికి కబురు పెట్టే దగ్గు. లోపల కోడలు ఏ పనిలో ఉన్నా కొంగు సర్దుకుని, తలుపు చాటుకు తప్పుకుని, చేతి గాజులు ఒకసారి ఆడించాలి. తప్పుకున్నాను, రావచ్చు అని దాని అర్థం. అప్పుడు ఆయన తల దించుకుని లోపలికి వస్తాడు. దగ్గు ఆయన మాట, గాజులు నా మాట. ఇంతకు మించి మాకు సంభాషణ అక్కర్లేదు కూడా. నేను గొంతు విప్పి మామ ఎదుట మాట్లాడానంటే వాడకట్టులో ఆ పూట పొయ్యిలు వెలిగేవి కావు.

ఊళ్లో ఆయనకు మంచి పేరుండేది. తగవు పడ్డవాళ్లు మా అరుగు దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్లు చెప్పినదంతా తల ఊపుతూ విని, చివరికి ఒక మాట చెప్పేవాడట. నేను వచ్చేసరికి తల ఊపడమే మిగిలింది. ఎవరు ఏం చెప్పినా "గంతే గద మరి" అనేవాడు. ఎంత హాయైన మాటో చూడండి. వానలు లేవన్నా సరిపోతుంది, బిడ్డ పెండ్లి కుదిరిందన్నా సరిపోతుంది, కాలం చెడిపోయిందన్నా సరిపోతుంది. ఒకసారి బావి నీళ్ల వంతు కోసం కొట్టుకున్న అన్నదమ్ములు ఒకరి తరువాత ఒకరు వచ్చి గోడు చెప్పుకున్నారు. ఇద్దరికీ అదే మాట దొరికింది. ఇద్దరూ తామే గెలిచామనుకుని వెళ్లి, బావి దగ్గర ఇంకా గట్టిగా కొట్టుకున్నారు. పెద్దమనిషి మాటలో ఏదో లోతు ఉంటుందని ఊరు దాన్ని కూడా సర్దుకుంది.

ఇంకో అలవాటు, మనిషి కనబడితే భుజం మీద చెయ్యి వేయడం. హోటల్లో చాయ్ తాగాలంటే బొంబాయి రోడ్డు దాటాలి. రోడ్డు పక్కన నిలబడి, అటు పోయేవాడెవడైనా దగ్గరికి రాగానే "పోదాం పా తమ్మీ" అని భుజం మీద చెయ్యి వేసి కబుర్లాడుకుంటూ దాటేవాడు. ఎంత ప్రేమ గల మనిషి అనుకునేవాళ్లందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఇంట్లో చాయ్ గ్లాసులో వేలు ముంచి ఎంత ఉందో చూసుకోవడం, గోడ మీద వీపు రాసుకుంటున్నట్టు చెయ్యి ఆనించి నడవడం, అన్నంలో పచ్చడి ఎటు పక్క వేశానో తెలియక అంతా కలిపేసుకోవడం చూస్తూనే ఉన్నాను. ముసలివాళ్ల చేష్టలు అనుకున్నానే తప్ప, ఆ కళ్లలో పొరలు కమ్మాయని నాకు తట్టలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన గడప బయట దగ్గాడు. నేను తప్పుకుని గాజులు ఆడించాను. రాలేదు. మళ్లీ ఆడించాను. తువ్వాల నెత్తిన వేసుకుని, కట్టె ఆనించుకుని ఆ ఎండలో అలాగే నిలబడ్డాడు. నా మీద కోపం వచ్చిందేమో, పొద్దున పప్పులో ఉప్పు ఎక్కువైందేమో, గడప తొక్కనని పంతం పట్టాడేమో అని తలుపు వెనక నేను ఏడుపు దిగమింగుకున్నాను. చాలాసేపటికి ఆయన వెనక్కి తిరిగి, పోయి పశువుల కొట్టం నీడలో కూర్చున్నాడు. తన ఇంటి ముందే పరాయివాడిలా. ఆ తరువాత కూడా అలా ఎన్నో మధ్యాహ్నాలు జరిగాయి. మామ అలిగాడని నేను మొక్కని దేవుడు లేడు.

తెలిసిన రోజు మాత్రం నవ్వొచ్చి, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వాకిట్లో దండెం మీద నా ఎర్రచీర ఆరేసి ఉంది. నేను లోపల కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్నాను. ఆయన వచ్చి, ఆ చీర ముందు ఆగి, తల పక్కకు తిప్పుకుని, మర్యాదగా దగ్గాడు. చీర తప్పుకోలేదు. మళ్లీ దగ్గాడు. ఇంతలో గాలి వచ్చి చీర ఒక పక్కకు ఒరిగింది. కోడలు తప్పుకుందనుకుని ఆయన తల దించుకుని దాని పక్క నుంచి వచ్చి, గడప దగ్గర మళ్లీ ఆగాడు. నేను కంగారుగా లేవడంలో ఒళ్లోని ఇత్తడి చెంబు జారి బండ మీద ఖంగుమని పడింది. ఆ చప్పుడుకు ఆయన ముఖం తేటపడింది. వెంటనే లోపలికి వచ్చేశాడు. అలక కాదు, పంతం కాదు. ఇన్నాళ్లూ ఆయన నా గాజుల కోసమే ఎండలో నిలబడ్డాడు.

మర్నాటి నుంచి తలుపు వెనక మేకుకు ఇత్తడి తాంబాళం వేలాడదీశాను. ఆయన దగ్గగానే గంటెతో దాని మీద ఒక్కటి కొట్టేదాన్ని. ఆయన నేరుగా వచ్చేవాడు. కళ్లకు దారి సరిగా ఆనకపోయినా చప్పుడు వచ్చిన వైపుకు కాళ్లు పడేవి. రెండు మూడు రోజులు గడిచాక ఒక పొద్దున, లోపలికి వచ్చి, తలుపుకు అటు పక్క ఆగి, నా వైపు చూడకుండా మాట్లాడాడు. నాతో అంత పొడుగు మాట ఆయన అనడం అదే మొదలు.

"ఎవరికీ చెప్పకు బిడ్డా. నా కొడుక్కు గూడ. చెవుల్లేవని తెలిస్తే నన్ను అరుగు మీద కూసోనిస్తరా?"

నేను తల ఊపాను. అది ఆయనకు కనిపించదు. అట్లనే మామా అన్నాను, అది వినిపించదు. చివరికి గంటె తీసుకుని తాంబాళం మీద మెల్లగా ఒకటి కొట్టాను. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు.

అయితే మన దగ్గర కోడలు గిన్నెల చప్పుడు చేసిందంటే దానికి ఒక్కటే అర్థం. మాట అనలేని కోడలు గిన్నెలతో అంటుంది. పక్కింటామె చెవికి మా గోడ అడ్డం కాదు. ముసలాయన గడప దగ్గరికి వచ్చి దగ్గడమేంటి, లోపల ఖంగుమనడమేంటి, రోజూ ఇదే వరుస. కొన్నాళ్లు ఊరుకుని, ఒకరోజు బావి దగ్గర నలుగురి ముందు అడిగేసింది.

"నీకేం తక్కువ చేసిండే ఆ ముసలాయన? గడప తొక్కంగనే గిన్నెలు ఇసిరి కొడ్తున్నవ్."

నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఏమని చెప్పను? మామకు చెవుడు అంటే ఆయనకిచ్చిన మాట పోతుంది. పైగా ఆయన గుట్టు బావి దగ్గర బయటపెట్టిన కోడలిని ఎవరు మెచ్చుకుంటారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుంటే నిజమే కాబట్టి ఊరుకుందన్నారు. నిజాంపేటలో మా అమ్మ దాకా పోయింది ఆ మాట. మా అమ్మ కబురు పంపించింది, నీ వల్ల తలెత్తుకోలేకపోతున్నానని. చందానగర్‌లో నేను నడిస్తే ఆడవాళ్లు మాటలు ఆపేవాళ్లు. మా ఆయన అన్నం దగ్గర ఒకసారి అడగబోయి మానేశాడు. అడిగి ఉంటే బాగుండేదేమో. తాంబాళం ఆపేద్దామని కూడా అనుకున్నాను. ఆపిన రోజు ఆయన ఎండలో నిలబడ్డాడు. చూడలేక మళ్లీ కొట్టాను.

నార్సింగిలో ఇచ్చిన మా పెద్ద ఆడబిడ్డకు ఈ సంగతి ఎలా చేరిందో చేరింది. ఒక ఆదివారం మొగుడితో కలిసి ఎడ్లబండి కట్టించుకుని వచ్చింది. తండ్రిని తీసుకుపోతానంది. వాకిట్లో వాడకట్టు సగం పోగయింది. మా ఆయన గుంజకు ఆనుకుని నేల చూస్తున్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. మామ అరుగు మీద కూర్చుని, బిడ్డ చూడ్డానికి వచ్చిందని మురిసిపోతూ, నోరు ఆడించినవాళ్లందరికీ తల ఊపుతున్నాడు. వాళ్లు తన కోడలి పరువు తీస్తున్నారని ఆయనకు తెలియదు.

ఆడబిడ్డ ఆయన ముందు కూర్చుని అడిగింది. "నాయినా, అందరి ముందట చెప్పు. నువ్వు లోపలికి రాంగనే నీ కోడలు గిన్నెలు ఇసిరి కొడ్తదంట. నిజమేనా?"

ఆయన నవ్వి, "గంతే గద మరి," అన్నాడు.

పక్కింటామె చూశారా అన్నట్టు అందరి వంకా చూసింది. అల్లుడు అరుగు మీది ఆయన గొంగడి మడతపెట్టి బండిలో వేయడానికి తీసుకుపోయాడు. నేను అరిచి చెప్పొచ్చు. కానీ ఆ గొంతు మామ ఎదుట ఎన్నడూ లేవలేదు, ఆ పూట కూడా లేవలేదు. నార్సింగిలో ఆయన గతి ఏమవుతుందో మాత్రం నాకు తెలుసు. ఇక్కడ గోడ ఎక్కడ ఆగుతుందో, బావి దగ్గర ఏ రాయి ఎత్తుగా ఉంటుందో ఆయన కాళ్లకు తెలుసు. అక్కడ పొద్దున లేచి బయటికి పోవాలన్నా ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆయన ఆ పరువు కోసమే కదా ఇంత దాచింది.

మామ అలవాటుగా పక్కకు చెయ్యి చాచాడు. గొంగడి అందలేదు. ఇంకొంచెం తడిమాడు. "నా గొంగడేది?" అన్నాడు. ఆడబిడ్డ ఆయన మీదికి వంగి, చెవి దగ్గర గట్టిగా, నార్సింగికి పోదామని, ఈ కోడలి చేతిలో నీకు బతుకు లేదని, గిన్నెలు విసిరి కొడుతున్నదని వాడకట్టంతా చెబుతున్నదని చెప్పింది. నువ్వే ఒప్పుకున్నావు కదా అని కూడా అంది. ఈసారి వినిపించింది. నవ్వు అలాగే ముఖం మీద కాసేపు ఉండి, మెల్లగా పోయింది.

ఆయన కట్టె వెతుక్కుని అరుగు దిగాడు. వాకిలి దాకా పోయి, వెనక్కి తిరిగి, జనం మధ్య నుంచి నడిచి వచ్చి గడప బయట ఆగాడు. దగ్గాడు.

ముసలాయనకు మతి పోయిందని ఎవరో గొణిగారు. ఆయన ఏం చేస్తున్నాడో నాకొక్కదానికే అర్థమైంది. గాజులు ఆడించాను. అందరికీ వినిపించాయి. ఆయన నిలబడే ఉన్నాడు. రెండు చేతులూ ఎత్తి గట్టిగా ఆడించాను. ఒక గాజు పగిలి నేల మీద పడింది. ఆయన తల ఒక పక్కకు వంచి, నోరు కొంచెం తెరిచి, చప్పుడు కోసం కాచుకుని నిలబడ్డాడు. మా ఆయన తలెత్తి తండ్రిని చూశాడు. అప్పుడు గంటె తీసుకుని తాంబాళం మీద ఒకటి కొట్టాను. మామ గడప దాటి లోపలికి వచ్చాడు. వచ్చి, వాళ్ల వైపు తిరిగాడు.

"ఇనబడ్తలేదు బిడ్డా. శానా దినాల సంది ఇనబడ్తలేదు. కండ్లు గూడ అంతంతే. ఆమె కొడ్తెనే నాకు ఇల్లు దొర్కుతది. నా కోడల్ని ఏమనకుండ్రి."

అని, భుజం మీది తువ్వాల ముఖం మీదికి లాక్కుని, తలుపు చాటున, నేను నిలబడే మూలలో కూలబడ్డాడు. నేనేం చేయాలో తెలియక బయటికి వచ్చాను. జనం ముందు నేను, తలుపు వెనక ఆయన.

ఆడబిడ్డ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. పక్కింటామె మర్నాడు తోటకూర తెచ్చి ఇచ్చింది. నిజాంపేటలో మా అమ్మ తలెత్తుకుంది. నా పేరు కడిగిన ముత్యమైంది. నాకు మాత్రం ఎవరైనా మంచి కోడలివన్నప్పుడల్లా వెక్కిరించినట్టుండేది. నా పేరు నిలబెట్టడానికి ఆయన నలుగురిలో తన బట్టలు తానే విప్పుకున్నట్టు విప్పుకున్నాడు. నేను గొంతు విప్పి నా అంతట నేను చెప్పి ఉంటే, గుట్టు బయటపెట్టిన తప్పు నా మీదికి వచ్చేది, తన నోటితో చెప్పుకునే సిగ్గు ఆయనకు తప్పేది.

ఆయన భయపడ్డట్టే అయింది. తగవులు మా అరుగు ఎక్కడం మానేశాయి. భుజం మీద వేసే చెయ్యి ప్రేమ కాదని తెలిశాక, దాటించేవాళ్లు మణికట్టు పట్టుకుని మేకపిల్లను లాక్కుపోయినట్టు లాక్కుపోయేవాళ్లు. వాడకట్టు పిల్లలు వెనక నుంచి వచ్చి తాతా అని అరిచి పరీక్ష చేసేవాళ్లు. "గంతే గద మరి" అనే మాట ఊళ్లో ఎగతాళి అయింది. అది తెలిసి ఆయన ఆ మాట మానేశాడు. దాని చోట ఇంకో మాట రాలేదు. ప్రేమ వేరు, అవసరం వేరు అని వాళ్లందరూ అనుకున్నారు. నాకైతే భుజం మీద వేసే ఆ చేతిలో రెండూ ఉండేవనే నమ్మకం.

మా ఆయన పట్నం దవాఖానకు తీసుకుపోయి ఒక కంటికి ఆపరేషన్ చేయించాడు. సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకుని వచ్చాడు మామ. చెవులకు మాత్రం ఏమీ చేయలేమన్నారట. ఆ రోజు వాకిట్లో దండెం మీద నా ఎర్రచీర ఆరుతోంది. ఆయన దాని దగ్గరికి పోయి, అంచు పట్టుకుని చూసి, ఒక్కసారి పగలబడి నవ్వాడు. ఆ తరువాత చటుక్కున అటూ ఇటూ చూశాడు, ఇన్నాళ్లూ తాను చీరకు దగ్గుతుంటే ఎవరెవరు చూశారో అన్నట్టు. కిటికీ దగ్గరి నుంచి తప్పుకున్నాను. అద్దాలు వచ్చినా గడప దగ్గర ఆగి దగ్గడం మానలేదు, నేను తాంబాళం కొట్టడం మానలేదు. పోయేదాకా అంతే.

ఇప్పుడు మేముండేది అదే చందానగర్, నాలుగో అంతస్తు. బొంబాయి రోడ్డు చప్పుడు కిటికీ తెరిస్తే ఇంట్లోకి వస్తుందంటారు, నాకు రాదు. మా కోడలు కొంగు కప్పుకునే కాలంలో పుట్టలేదు. నాకు అన్నం పెట్టాలన్నా, మాత్ర ఇవ్వాలన్నా చెవి దగ్గరికి వచ్చి పెద్ద గొంతుతో పిలుస్తుంది. ఆ గొంతు కింది అంతస్తు దాకా పోతుందట. మా అబ్బాయి దానికే ఆమెను కసురుతాడు, అమ్మ మీద ఎందుకు అరుస్తావని. కసిరినప్పుడు వాడి ముఖం నాకు కనిపిస్తుంది, ఆమె ముఖం కూడా. నేను అన్నం కలుపుకుంటూ, ఏమీ తెలియనట్టు అవునవునంటాను. అది చూసి వాడు నాకు బాగానే వినిపిస్తుందనుకుంటాడు. నాది 'గంతే గద' కాదు, అంతే తేడా.

అద్దాల గదిలో పరీక్ష అయిపోయాక ఆ పిల్ల తలుపు తీసి, నవ్వుతూ ఏదో అడిగింది. పెదవులు చూసి, అన్నీ వినిపించాయా అని అడిగిందనుకున్నాను. అవునమ్మా అనబోయి, అద్దం అవతలి మా కోడలిని చూశాను. డొప్పలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"వినిపించలేదమ్మా. ఇందాక నొక్కినవి చాలా మటుకు అబద్ధం. మళ్లీ పెట్టు," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అబ్బాయే తలుపు తీశాడు. కోడలు నా వెనకే ఉంది, మందులూ కాగితాలూ పట్టుకుని. నేను గడప బయటే ఆగాను. ఎందుకు ఆగావన్నట్టు వాడు చూశాడు. దారి పొడుగునా అనుకున్న మాటలేవీ రాలేదు. వచ్చినంత మటుకు చెప్పాను.

"నాకు ఇనబడ్తలేదురా. ఎన్నాళ్ల సందో ఇనబడ్తలేదు, సిగ్గుకు చెప్పలే. నీ పెండ్లాం గట్టిగ మాట్లాడేది గందుకే. ఆమెను ఏమనకు."

వాడు ఏదో అన్నాడు. వినిపించలేదు. ముఖం మీదికి కొంగు లాక్కుని లోపలికి వచ్చాను.